ఘాట్ రోడ్డు ఎక్కే ముందు పళ్లు లెక్కపెట్టండి

తూర్పు కనుమల్ని సైకిల్ మీద దాటాలనుకునేవాళ్లు ముందు చూసేది ఎత్తు. అరకు 900 మీటర్ల పైచిలుకు, లంబసింగి దాదాపు వెయ్యి, శిమిలిగూడ రైల్వే స్టేషన్ 996. లడఖ్‌లో ఖర్దూంగ్ లా కనుమ 5,359 మీటర్లని విన్న చెవులకు ఈ అంకెలు ఆనవు. "ఇదెంత కొండ!" అనుకుని అరకు దారిలో శృంగవరపుకోట దాటాక పదో కిలోమీటరులోనే కల్వర్టు గోడ మీద కూలబడతారు.

కాళ్లు ఎక్కాల్సింది సముద్ర మట్టం నుంచి కాదు, కొండ మొదలు నుంచి. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల దగ్గరుంది. అక్కడి నుంచి ఖర్దూంగ్ లాకి నికరంగా ఎక్కేది 1,850 మీటర్లు, దూరం సుమారు 40 కిలోమీటర్లు. మన శృంగవరపుకోట ఇంచుమించు సముద్ర మట్టంలోనే ఉంది కాబట్టి అనంతగిరి దాటేసరికి వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుతాం. అంటే ప్రపంచ ప్రసిద్ధి పొందిన కనుమలో సగానికి మించిన ఎక్కుడు మన ఇంటి పక్కనే ఉంది. లేహ్‌లో లేనిదొకటి అదనం: ఉక్క. ఇక్కడ ప్రాణవాయువుకు కరువు లేదు, చెమట ఆరడానికే దిక్కు లేదు.

అందుకే నా వాదన ఒకటే. మన్యం ఘాట్లకు కావలసింది ఖరీదైన సైకిలూ, కండలు తిరిగిన తొడలూ కావు. చిన్న గేరు, సరిపడా ఉప్పునీళ్లు, నమ్మదగ్గ బ్రేకులు, అవసరమైతే దిగి నడవగలిగే చెప్పులో బూట్లో. ఈ నాలుగూ ఉంటే నలభై దాటినవాళ్లు కూడా ఎక్కుతారు. లేకపోతే మారథాన్ పరిగెత్తేవాళ్లు కూడా లారీ ఎక్కి వస్తారు.

గేర్ల లెక్క

మనిషి 70 కిలోలు, సైకిలు, సామాను కలిపి 20 కిలోలు అనుకుందాం. ఆరు శాతం వాలు మీద, అంటే వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద, గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే సుమారు 130 వాట్ల శక్తి కావాలి. వారానికి రెండు మూడు రోజులు తొక్కే అలవాటున్న ఎవరైనా దీన్ని రెండు గంటల పాటు ఇవ్వగలరు. శక్తికి కొరత లేదు. ఆ శక్తిని కాళ్లు ఎంత జోరుగా తిరుగుతూ ఇస్తున్నాయన్నదే తేడా.

గంటకు 8 కిలోమీటర్లంటే నిమిషానికి 133 మీటర్లు. ముందు, పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 39 పళ్లు, వెనక పళ్లచక్రానికి 25 పళ్లు ఉన్న పాతకాలం రేసు సైకిల్ పెడల్ ఒక్కసారి తిరిగితే బండి 3.3 మీటర్లు పోతుంది. అంటే నిమిషానికి 40 చుట్లే. మామూలు గేర్ల ఎంటీబీ (మౌంటెన్ బైక్)లో ముందు చిన్న చక్రం 24, వెనక పెద్దది 28 ఉంటాయి. దాని మీద అదే వేగానికి 76 చుట్లు తిరగాలి. అదే పని, కానీ మొదటి సైకిల్ మీద ప్రతి తొక్కుడుకూ మోకాలు దాదాపు రెట్టింపు బలం పెట్టాలి. పది నిమిషాలైతే ఫరవాలేదు, మూడు గంటలైతే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. ముందు 44, వెనక 18 పళ్లున్న గేరు లేని సైకిల్ మీదయితే నిమిషానికి 25 చుట్లు. దాన్ని తొక్కడం అనరు, మెట్లెక్కడం అంటారు.

లక్షలు పెట్టి కొన్న కార్బన్ ఫ్రేము కన్నా వేలల్లో వచ్చే బరువైన ఎంటీబీ అనంతగిరి ఘాట్‌లో హాయిగా ఎక్కడానికి కారణం ఇదే. రెండు కిలోల బరువు తగ్గితే 90లో రెండు శాతం కలిసొస్తుంది. వెనక పళ్లచక్రం 25 నుంచి 34 పళ్లకు మారిస్తే తొక్కే బలం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. షాపువాళ్లు మొదటిదే అమ్ముతారు, రెండోది తక్కువ డబ్బుల పని మరి.

కాబట్టి కొనేముందు, బయల్దేరేముందు పళ్లు లెక్కపెట్టండి. ముందు చిన్న చక్రం పళ్లను వెనక పెద్ద చక్రం పళ్లతో భాగిస్తే ఒకటికి మించకూడదు. సామాను కట్టుకుంటే 0.85 లోపు ఉండాలి. ఏడు గేర్ల స్క్రూ రకం ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఉన్న సైకిళ్లకు 14–28 తీసి 14–34 వేయొచ్చు. దాని వరస 14, 16, 18, 20, 22, 24, ఆ తర్వాత ఒక్కసారిగా 34. చివరి దూకుడు పెద్దది, మొదట్లో కాలు గాల్లో తిరిగినట్టనిపిస్తుంది. ఆ ఒక్క చక్రమే ఘాట్‌లో మీ చుట్టం. మార్చేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వెనక డిరైలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) 34 పళ్ల దాకా పనిచేసే రకమో కాదో చూడాలి, రేసు సైకిళ్లలో పొట్టి చేతి డిరైలర్లు చాలావరకు అంత దూరం రావు. ఇక పాత చైను చాలదు. కొత్త చైనును డిరైలర్ గుండా పోనీయకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, రెండు కొసలూ కలిసే చోటు నుంచి ఇంకో అంగుళం, అంటే రెండు లింకులు, అదనంగా ఉంచి తెంపాలి. పొట్టిగా తెంపితే పెద్ద–పెద్ద గేరు పడిన క్షణంలో డిరైలర్ విరిగి స్పోకుల్లోకి పోతుంది.

ఇంకో తప్పు మలుపు దగ్గర జరుగుతుంది. ఏటవాలు మీదికి వచ్చాక, కాలు బిగిసిపోయాక గేరు మారుస్తారు. చౌక డిరైలర్లు బరువు మీద చైనును జరపలేవు. కరకరమంటుంది, చైను లోపలి వైపు జారి క్రాంకుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంటుంది. మలుపు ఇరవై మీటర్లుండగానే చైనును ముందు చిన్న పళ్లచక్రానికి దించేయాలి, ఒక అర చుట్టు తేలిగ్గా తిప్పుతూ. అయినా చైను లోపలికి పడుతుంటే ముందు డిరైలర్ మీద 'ఎల్' అని రాసిన మర చుట్టులో ఎనిమిదో వంతు బిగించండి, అంతకన్నా ఎక్కువ వద్దు.

మలుపు లోపలి అంచు

భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మూడు వేల మీటర్ల లోపు కొండ రోడ్లకు మామూలు వాలు ఆరు శాతం, తప్పనిసరైతే ఏడు, చాలా కొద్ది చోట్ల ఎనిమిది ఉండొచ్చు. మన ఘాట్లు సగటున అంతకన్నా తక్కువే. మరి ఊపిరి ఆగిపోయే చోట్లు ఎక్కడివి?

హెయిర్‌పిన్ మలుపుల్లో. రోడ్డు మధ్య గీత 12 మీటర్ల వ్యాసార్థంతో వెనక్కి తిరిగిందనుకోండి, ఆ అరచుట్టు పొడవు 38 మీటర్లు. ఆరు శాతం చొప్పున 2.26 మీటర్లు లేస్తుంది. లోపలి అంచు వ్యాసార్థం 7 మీటర్లే అయితే అదే ఎత్తును 22 మీటర్లలో ఎక్కాలి. అంటే పది శాతం దాటింది. ఎడమ పక్క నడిచే దేశం మనది కాబట్టి, ఎక్కేటప్పుడు ఎడమకు తిరిగే ప్రతి మలుపులో ఈ లోపలి అంచే మన వాటా. కుడికి తిరిగే మలుపులో బయటి అంచున పోతాం కాబట్టి ఊపిరి తీసుకోవచ్చు. ఎడమ మలుపులో ఏ బండి చప్పుడూ లేకపోతే మధ్యకు జరిగి తిరగండి. చప్పుడు వినిపిస్తే ఆగి బస్సును పోనివ్వండి. పొడుగాటి బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అక్కడ సైకిల్‌కు చోటుండదు. కొండ రోడ్డులో ఎక్కే వాహనానికి దిగే వాహనం దారివ్వాలని నిబంధన ఉంది, దాన్ని నమ్ముకుని మాత్రం మలుపులో నిలబడొద్దు.

రోడ్డు వెడల్పు పనులు జరిగే చోట అంచున కంకర పరిచి ఉంటుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి పనులతో ఈ ప్రాంతంలో ఇది మామూలైపోయింది. 32 మిల్లీమీటర్ల టైరులో తారు మీద 65 పీఎస్ఐ గాలి ఉంచితే కంకర మొదలవగానే 45–50కి దించండి. గట్టి టైరు రాయి మీద ఎగురుతుంది, వెనక చక్రం పట్టు వదిలేసి ఉన్నచోటే తిరుగుతుంది.

పది శాతం దాటిన చోట దిగి నెట్టడం నామోషీ అనుకుంటారు. లెక్క చూడండి. అంత వాలులో తొక్కితే గంటకు ఐదారు కిలోమీటర్లు, నెడితే మూడున్నర నుంచి నాలుగు. రెండొందల మీటర్ల ముక్కలో పోయేది ఒక నిమిషం. ఆ నిమిషంలో తొడలకు విశ్రాంతి, నడుముకు విశ్రాంతి. ఇందుకే ఘాట్‌కు పెడల్‌కు తగులుకునే క్లీట్ బూట్లు వద్దంటాను. ఇనుప బిళ్లల బూట్లతో తారు మీద నెట్టడం కష్టం, గెడ్డ (కొండవాగు) దాటాల్సి వస్తే రాళ్ల మీద కాలు జారుతుంది. పళ్లున్న ప్లాట్‌ఫాం పెడళ్లూ, అడుగు మరీ మెత్తగా లేని కాన్వాసు బూట్లూ చాలు.

నీళ్లు, ఉప్పు, మాడుగుల హల్వా

మైదానంలో గంటకు పాతిక కిలోమీటర్లతో పోతుంటే ఎదురుగాలే చెమట ఆరుస్తుంది. ఎనిమిది కిలోమీటర్ల వేగంలో ఆ గాలి లేదు. అడవి గోడలా నిలబడి ఉన్న మొదటి పది కిలోమీటర్లలో గంటకు లీటరు చెమట పోవడం మామూలు, మేలో లీటరున్నర. లీటరు చెమటలో దాదాపు గ్రాము సోడియం పోతుంది. దానికి బదులు వట్టి మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగితే తలనొప్పి, వికారం మొదలవుతాయి. ఎండదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు తాగుతారు, ఇంకా తిప్పుతుంది.

ఓఆర్‌ఎస్ పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. లీటరుకు 20.5 గ్రాముల పొడి, అందులో ఉప్పు 2.6, గ్లూకోజు 13.5 గ్రాములు. పొట్లం లీటరు నీళ్లకు, సైకిల్ సీసా 750 మిల్లీలీటర్లకు. ఇక్కడే చాలామంది పొట్లమంతా సీసాలో పోసేసి గాఢంగా చేసుకుంటారు, అది దాహం పెంచుతుంది. లీటరు వాటర్ బాటిల్లో కలిపి సీసాలోకి వంపుకోవాలి. పొట్లం దొరక్కపోతే ఉప్పేసిన పల్చటి మజ్జిగ భేషుగ్గా పనిచేస్తుంది. ఒకటి ఓఆర్‌ఎస్, ఒకటి మామూలు నీళ్లు, ఇలా రెండు సీసాలతో మొదలై, ఊరు కనిపించినప్పుడల్లా నింపుకుంటూ పోవాలి. గెడ్డ నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి, పైన పశువులుంటాయి. మరిగించకుండా తాగొద్దు.

తిండి గంటకు 50–60 గ్రాముల పిండిపదార్థం. రెండు అరటిపళ్లు ఆ లెక్కకు సరిపోతాయి. విదేశీ ఎనర్జీ జెల్ సాచెట్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. వడ్డాది మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లకు కొండ మొదట్లోనే మాడుగుల హల్వా ఉంది. గోధుమపాలు, పంచదార, నెయ్యి. నెయ్యి ఎక్కువ కాబట్టి ఎక్కుతూ తింటే కడుపులో బరువు. పైకి చేరాక తినాల్సింది అది. ఎక్కేటప్పుడు అరటిపండే.

తెల్లవారుజామున ఐదున్నరకల్లా కొండ మొదలుకు చేరితే సగం కష్టం తీరినట్టే. వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఎండ ఎక్కే వేళకు మీరు కూడా ఎక్కి ఉండాలి.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు చేసిన తప్పుకు అలుపు శిక్ష. దిగేటప్పుడు చేసిన తప్పుకు ఆస్పత్రి. అయినా సైకిళ్ల వాళ్ల మాటల్లో ఎక్కుడు గురించి తొంభై పాళ్లు, దిగుడు గురించి పది పాళ్లు ఉంటుంది.

90 కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగితే దాదాపు 880 కిలోజూళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. కొంత గాలికి, మిగతాది బ్రేకుల్లో వేడిగా. భయంతో బ్రేకు వదలకుండా గంటకు 15 కిలోమీటర్లతో దిగేవాళ్లే బ్రేకుల్ని ఎక్కువ కాలుస్తారు. ఏడు శాతం వాలులో ఆ వేగానికి ప్రతి కిలోమీటరుకూ 50 కిలోజూళ్లు బ్రేకులోకి పోతాయి. 30 కిలోమీటర్ల వేగంలో గాలి ఇంకా ఎక్కువ పంచుకుంటుంది కాబట్టి 36 చాలు. దీనర్థం దూసుకుపొమ్మని కాదు. నేరుగా కనిపించే ముక్కలో బండిని వదలండి, మలుపుకు ముందు నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా, కొద్దిసేపు పట్టండి, మలుపులో వదిలేయండి. మలుపులో వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే చక్రం పక్కకు జారుతుంది.

రిమ్ము బ్రేకుల్లో ఆ వేడి రిమ్ముకే చేరుతుంది, రిమ్ములోపల ట్యూబు ఉంది. పాత పంచరు అతుకు జిగురు మెత్తబడి లేచిపోవడం ఇక్కడే జరుగుతుంది. ఘాట్‌కు అతుకులేసిన ట్యూబు ముందు చక్రంలో పెట్టకండి. వాన పడితే మొదటి రెండు మూడు చుట్లు రిమ్ము మీద నీళ్లు తుడవడానికే పోతాయి, తర్వాతే పట్టు దొరుకుతుంది. కాబట్టి ముందుగానే తేలిగ్గా తాకిస్తూ ఉండాలి. బ్రేకు రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక రేణువులు, అల్యూమినియం తునకలు రిమ్మును ఉలిలా గీస్తాయి. దిగేముందు పిన్నీసుతో తీసేయండి, రెండు నిమిషాల పని.

చౌక కేబుల్ డిస్కు బ్రేకుల కథ వేరు. వాటిలో బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది, లోపలిది ఉన్నచోటే ఉంటుంది. దిగేకొద్దీ రెండూ అరుగుతాయి, లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అప్పుడు కేబుల్ బిగిస్తే సగమే సరవుతుంది. లోపలి ప్యాడును కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) లోపలి వైపున్న మరతో, చాలా సైకిళ్లకు 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో, డిస్కుకు తాకీ తాకనట్టు జరపాలి, తర్వాత కేబుల్ సర్దాలి. అలెన్ కీ సంచి అడుగున ఉంటే లేనట్టే, జేబులో ఉండాలి. డిస్కును వేలితో తాకి చూడొద్దు, వేలు అంటుకుంటుంది. ప్యాడు మిల్లీమీటరు కన్నా పల్చబడితే ఘాట్‌కు ముందే మార్చేయండి.

కడ్డీ బ్రేకులు, స్టీలు రిమ్ములు ఉన్న పాత సైకిల్‌తో తడి రోడ్డు మీద దిగాలని చూడొద్దు. నడిపించుకుంటూ దిగండి, అంతే.

కాలిబాటల సంగతి

రోడ్లు రాకముందు నుంచీ ఈ కొండల్లో కనుమలు దాటేవి కాలిబాటలే. రోడ్డు వాలు చూసుకుని చుట్టూ తిరిగితే, బాట ఊరిని చూసుకుని నిలువునా ఎక్కుతుంది. రోడ్డు ఎవరి కోసం వచ్చిందో కూడా మరువలేం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం రోడ్ల పనిలో గిరిజనుల చేత తక్కువ కూలికి చాకిరీ చేయించడం 1922 తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది.

నడిచేవాళ్లకు లెక్క: సమతలంలో గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఉక్కలో, సంచితో దీనికి మూడో వంతు కలపండి. బాట చీలిన చోట బాగా అరిగిందే ఊరికి పోతుందని నమ్మకండి, అది పశువుల బాట కావచ్చు. అడిగేటప్పుడు కూడా పద్ధతుంది. "ఇది ఫలానా ఊరికి పోతుందా?" అంటే మర్యాదకు ఔనంటారు. "ఫలానా ఊరికి ఎటు పోవాలి బాబూ?" అని అడగండి. పోడు చేను, జీలుగు చెట్టు కల్లు కుండ, కాఫీ తోట ఎవరివో ఒకరివి, అడ్డం పడి నడవొద్దు. పాపికొండలు జాతీయ ఉద్యానవనం లాంటి రక్షిత ప్రాంతంలో అటవీశాఖ అనుమతి తప్పనిసరి. కొత్తవలస–కిరండూల్ రైలు పట్టాల మీద, సొరంగాల్లో నడవడం నేరం. పైగా సొరంగంలో రైలొస్తే పక్కకు జరగడానికి చోటుండదు.

వాన కురిశాక గెడ్డ మోకాలు దాటి, నీరు రంగు మారి, కర్రలు కొట్టుకొస్తుంటే దాటొద్దు. రెండు మూడు గంటలాగితే తగ్గడం మామూలే. గడ్డిలో కూర్చుని లేచాక నడుము పట్టీ, చంకలు, మోకాలి వెనక పురుగులేమైనా పట్టాయేమో చూసుకోండి.

సెలవు రోజుల్లో వంజంగి కొండకు మబ్బులు చూడ్డానికి కార్లు బారులు తీరుతున్నాయి. ఆ మబ్బుల వెనకున్న కిటుకు సైకిల్ వాళ్లకూ పనికొస్తుంది. శీతాకాలం రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగి కూర్చుంటుంది, పొగమంచు అక్కడే కడుతుంది. తెల్లవారుజామున గజగజలాడించేది శిఖరం కన్నా లోయ అడుగే. అందుకే డిసెంబరు, జనవరిల్లో చెమటతో తడిసిన చొక్కాతో ఎక్కి, అదే చొక్కాతో అరకు లోయలోకి దిగితే వణుకు పట్టుకుని బ్రేకు లీవరు మీద వేళ్లు ఆడవు. పైన ఆగినప్పుడే పొడి బనీను మార్చుకుని, గాలి దూరని జాకెట్టు, వేళ్లకు గ్లవుజులు వేసుకోవాలి. జాకెట్టు మరిచిపోతే చొక్కా లోపల ఛాతీ మీద దినపత్రిక మడిచి పెట్టుకోండి. మంచులో పగలైనా వెనక ఎర్ర లైటు వెలగాలి.

తిరుగు ప్రయాణానికి బ్రేకుల మీద నమ్మకం లేకపోయినా, వాన పట్టుకున్నా, అరకు స్టేషన్లో సైకిల్ తీసుకునే వీలుందేమో అడిగి, బుక్ చేసి కిరండూల్–విశాఖ రైలెక్కేయండి. వర్షాకాలంలో కొండచరియలు పడి ఆ లైను కూడా ఆగుతుంటుంది కాబట్టి పొద్దున్నే కనుక్కోవాలి. ఇంటికి చేరిన నెల లోపు జ్వరం వస్తే "ఏజెన్సీకి వెళ్లొచ్చాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మలేరియాకు, స్క్రబ్ టైఫస్‌కు (గడ్డిలోని సన్న పురుగు కాటుతో వచ్చే జ్వరానికి) రక్తపరీక్ష చేయించమనండి, ఒంటి మీద నల్లటి పొక్కుంటే చూపించండి.